ఏటిగట్ల ఊటనీటి తొలగింపు (కోనసీమ)

ఏటిగట్ల ఊటనీటి తొలగింపు అనగా వరదను అడ్డుకొనే మట్టిగట్టు లోపలికి, దాని అడుగు నేలలోకి చేరిన నీటిని పద్ధతి ప్రకారం బయటకు రప్పించి, గట్టు వాలు జారిపోకుండా నిలబెట్టే విధానం. కొండ ప్రాంతాలలో కొండచరియలు విరిగిపడకుండా చేపట్టే నీటి తొలగింపు పనులకూ దీనికీ మూలసూత్రం ఒక్కటే. కోనసీమలో కొండలు లేవు. అక్కడ చెప్పుకోదగిన వాలులంటే గౌతమి, వైనతేయ, వశిష్ఠ పాయల వెంట ఉన్న ఏటిగట్లే. వరద రోజులలో అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలలోని అనేక ఊళ్ళు, వరిచేలు, కొబ్బరితోటలు నదిలోని నీటిమట్టం కంటే పల్లంలో ఉంటాయి. ఆ రోజులలో ఊరికీ ఏటికీ మధ్య ఉండేది ఈ మట్టి వాలు మాత్రమే.

గట్టు మీదుగా నీరు పొర్లితేనే గండి పడుతుందని సాధారణంగా అనుకొంటారు. ఇది సగం మాత్రమే నిజం. నీరు పైకి పొర్లకుండానే, లోపల చేరిన నీటి వలన గట్టు జారిపోవచ్చు. అందుచేత గట్టు ఎత్తు పెంచడం ఎంత ముఖ్యమో, గట్టులోని నీటికి దారి చూపడం కూడా అంతే ముఖ్యం.

నేపథ్యం

ధవళేశ్వరం దిగువన గోదావరి పాయలుగా చీలుతుంది. తూర్పున గౌతమి, పడమర వశిష్ఠ, ఈ రెండింటి మధ్య వైనతేయ సముద్రానికి సాగుతాయి. ఈ పాయలకూ బంగాళాఖాతానికీ నడుమ ఉన్న డెల్టా భూభాగమే కోనసీమ. 2022 ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా ఇది ప్రత్యేక జిల్లా అయింది. సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టతో ఇక్కడ కాలువల సేద్యం స్థిరపడింది. కాలువలు వచ్చి ఊళ్ళు, పంటలు పెరిగిన కొద్దీ ఏటిగట్ల మీద ఆధారపడడమూ పెరిగింది.

ధవళేశ్వరం వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది ఇస్తారు. 1986 ఆగస్టు వరదలో అక్కడ 35 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు ప్రవహించింది. ఏటిగట్లకు అనేక చోట్ల గండ్లు పడ్డాయి. 2006 ఆగస్టులో సుమారు 28.5 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు కూడా గండ్లు తప్పలేదు. దాని తరువాత గట్లను ఎత్తు, వెడల్పు చేసి పటిష్ఠపరిచే పనులు చేపట్టారు. 2022 జూలైలో వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. అప్పుడు గట్టు బలహీనంగా ఉన్న చోట్ల గ్రామస్తులు, సిబ్బంది కలిసి ఇసుక బస్తాలు పేర్చి రాత్రంతా కాపలా కాశారు.

నదికీ గట్టుకూ మధ్య ఉన్న లంక గ్రామాలకు ఈ గట్ల రక్షణ లేదు. ఈ వ్యాసంలో చెప్పే విషయాలు గట్టు లోపలి వైపున ఉన్న ప్రాంతానికి సంబంధించినవి.

గట్టు జారడానికి కారణం

వాలుగా పోసిన మట్టి తన బరువుతో ఎప్పుడూ కిందికి జారాలనే చూస్తుంది. దానిని ఆపేవి రెండు. ఒకటి మట్టి రేణువుల మధ్య ఉండే జిగి, రెండవది వాటి మధ్య ఉండే రాపిడి. పై మట్టి బరువు రేణువులను ఎంత గట్టిగా అదిమితే రాపిడి అంత పెరుగుతుంది. రేణువుల సందులలో నీరు చేరి పీడనం పెరిగినప్పుడు ఆ బరువులో కొంత భాగాన్ని నీరే మోస్తుంది. రేణువుల మధ్య ఒత్తిడి ఆ మేరకు తగ్గి, రాపిడి కూడా తగ్గుతుంది. ఈ సంగతిని 1920లలో శాస్త్రీయంగా వివరించినవాడు కార్ల్ టెర్జాగి. 1925లో వెలువడిన ఆయన గ్రంథంతోనే ఆధునిక మృత్తికా యాంత్రికశాస్త్రం మొదలైందని చెబుతారు.

తడిసిన మట్టి ఘనమీటరుకు సుమారు 2 టన్నులు, నీరు 1 టన్ను తూగుతాయి. మూడు మీటర్ల లోతున ఒక చదరపు మీటరు మీద పడే మొత్తం బరువు 6 టన్నులు. ఊటనీరు పై మట్టం వరకు నిండి ఉంటే అందులో 3 టన్నులను నీరు మోస్తుంది, రేణువులకు మిగిలేది 3 టన్నులే. అంటే అంతకుముందు ఉన్న రాపిడిలో ఇంచుమించు సగం పోయినట్లే. మట్టి మారలేదు, వాలు మారలేదు, ఎవరూ తవ్వలేదు. నీరు చేరడమే జరిగిన మార్పు. ఆ నీటిని తీసివేస్తే పోయిన బలం చాలావరకు తిరిగి వస్తుంది. వాలుల రక్షణలో నీటి తొలగింపును అన్నింటికంటే ముందు చెప్పడానికి కారణం ఇదే.

నీరు మట్టిని జిగురులాగా పట్టి ఉంచుతుంది కదా అనే సందేహం రావచ్చు. అంతర్వేది ఇసుక తిన్నెల మీద పిల్లలు కట్టే గూళ్ళను చూస్తే ఇది తేలికగా అర్థమవుతుంది. కొద్దిగా చెమ్మగిల్లిన ఇసుక నిటారుగా నిలుస్తుంది, పూర్తిగా నీటిలో నానితే కూలుతుంది. చెమ్మ వేరు, నిండా నానడం వేరు.

కోనసీమ గట్లు ఒకే రకం మట్టితో కట్టినవి కావు. నది తెచ్చి పోసిన ఒండ్రులో ఒకచోట బంకమట్టి, మరొకచోట మెత్తని ఇసుక, ఇంకొకచోట రెండూ పొరలు పొరలుగా ఉంటాయి. పాత పాయలు పూడిన చోట, పూర్వం గండి పడి పూడ్చిన చోట గట్టు అడుగున ఇసుక ఉండే అవకాశం ఎక్కువ. శుభ్రమైన ఇసుకలో నీరు నడిచే వేగం గట్టి బంకమట్టిలో కంటే లక్ష రెట్లకు పైగా ఉండవచ్చు. కనుక పైకి ఒకేలా కనిపించే రెండు గట్లు వరదలో పూర్తిగా వేరుగా ప్రవర్తిస్తాయి.

బంకమట్టి గట్టుకు మరొక ఇబ్బంది ఉంది. ఎండాకాలంలో అది ముడుచుకొని నెర్రెలు తీస్తుంది. తొలకరి నీరు ఆ నెర్రెల వెంట నేరుగా లోపలికి దిగుతుంది. ఎలుక కలుగులు, ఎండ్రకాయల బొరియలు, చెట్టు కూలినప్పుడు మిగిలి కుళ్ళిపోయిన వేళ్ళు కూడా ఇటువంటి దారులే. 1996 నవంబరు 6 నాటి తుఫానులో కోనసీమలో కొబ్బరిచెట్లు అసంఖ్యాకంగా కూలాయి. గట్టు వాలు మీద చెట్టు వేళ్ళతో సహా లేచిపోతే, ఆ గోతిని పొరలు పొరలుగా దిమ్మిస చేసి పూడ్చకపోతే అక్కడ గట్టు బలహీనపడుతుంది. అతి ఎండ కూడా గట్టుకు ముప్పేనని నెదర్లాండ్స్ అనుభవం చెబుతుంది. 2003 ఆగస్టులో విల్నిస్ అనే ఊరిలో వాన లేక ఎండిపోయి తేలికైన పీట్ మట్టి గట్టు కాలువ నీటి ఒత్తిడికి పక్కకు జరిగిపోయింది.

ఊటరేఖ లెక్క

గట్టులో తడిసిన భాగానికీ తడవని భాగానికీ మధ్య ఉండే హద్దును ఊటరేఖ అనవచ్చు. ఇది ఏటివైపు నీటిమట్టం వద్ద మొదలై ఊరివైపుకు క్రమంగా దిగుతుంది. స్థూలంగా బంకమట్టిలో నాలుగు మీటర్లకు ఒక మీటరు చొప్పున, ఇసుక కలిసిన మట్టిలో ఆరు మీటర్లకు ఒక మీటరు చొప్పున దిగుతుందని ఇంజనీర్లు లెక్కకు తీసుకొంటారు.

ఉదాహరణకు 5 మీటర్ల ఎత్తు, పైన 5 మీటర్ల వెడల్పు ఉండి, రెండు వైపులా రెండుకు ఒకటి వాలు ఉన్న గట్టును తీసుకొందాం. దాని అడుగు వెడల్పు 25 మీటర్లు. ఏటివైపు 4 మీటర్ల నీరు నిలిచిందనుకొంటే, నీరు వాలును తాకే చోటు నుండి ఊరివైపు పాదం వరకు దూరం 17 మీటర్లు. బంకమట్టి గట్టులో ఊటరేఖ 16 మీటర్లలోనే నేలమట్టానికి దిగుతుంది కనుక గట్టు లోపలే ఉండిపోతుంది. ఇసుక కలిసిన గట్టులో దిగడానికి 24 మీటర్లు కావాలి. అంత వెడల్పు లేదు కనుక ఊరివైపు వాలు మీద నేలకు సుమారు 1.75 మీటర్ల ఎత్తున నీరు చెమర్చడం మొదలవుతుంది. చెమ్మ కనిపించిన చోటి నుండి కిందికి వాలు మెత్తబడి, ముక్కలుగా జారుతుంది. జారిన కొద్దీ నీరు నడవవలసిన దూరం తగ్గుతుంది, ఊట పెరుగుతుంది.

ఇది నీరు చాలా రోజులు నిలిచినప్పటి లెక్క. నాలుగైదు రోజులలో తీసిపోయే వరదలో బంకమట్టి గట్టు పూర్తిగా నానక ముందే గండం గడవవచ్చు. ఒక వరద తీయకముందే మరొకటి వచ్చినప్పుడు అటువంటి వెసులుబాటు ఉండదు.

వరద తీసే రోజులు

నీరు తగ్గుముఖం పట్టగానే ప్రమాదం గడిచిపోయిందని భావించడం సహజం. ఊరివైపు వాలు విషయంలో అది నిజమే. ఏటివైపు వాలుకు మాత్రం అసలు పరీక్ష అప్పుడే మొదలవుతుంది. వరద నిండుగా ఉన్నంతసేపు నది నీరు ఆ వాలును బయటి నుండి ఒత్తి పట్టుకొంటుంది. నది త్వరగా తగ్గినప్పుడు ఆ ఆసరా పోతుంది, గట్టులోని నీరు మాత్రం అంత వేగంగా బయటకు రాలేదు. బయట ఖాళీ, లోపల నిండు పీడనం. ఈ స్థితిలో ఏటివైపు వాలు పెద్ద పెళ్ళలుగా జారి నదిలో పడుతుంది. సముద్రానికి దగ్గరగా ఉన్న చోట్ల పోటుపాట్ల వలన రోజుకు రెండుసార్లు ఇదే ప్రక్రియ చిన్న స్థాయిలో జరుగుతూ, గట్టు పాదం వద్ద కోతకు తోడవుతుంది.

రాతికట్టడం విషయంలో జరిగే ఒక పొరపాటును ఇక్కడ ప్రస్తావించాలి. ఏటివైపు వాలుకు రాళ్ళు పరచి సందులన్నీ సిమెంటుతో పూడిస్తే చూడడానికి గట్టిగా ఉంటుంది. నీరు బయటకు వచ్చే దారి కూడా దానితో మూసుకుపోతుంది. వరద తీసినప్పుడు లోపలి పీడనం ఆ రాతి పొరను వెనుక నుండి నెట్టి పగులగొడుతుంది. సిమెంటు వాడవలసి వస్తే తగినన్ని ఊట రంధ్రాలు, వాటి వెనుక వడపోత పొర తప్పనిసరి. సిమెంటు లేకుండా పేర్చిన రాతి పరుపు నీటిని వదులుతుంది, గట్టు కొద్దిగా కుంగినా తానూ సర్దుకొంటుంది. రాతి పరుపులకు ఐఎస్ 14262, ఏటిగట్ల రూపకల్పనకు ఐఎస్ 12094 అనే భారతీయ ప్రమాణాలు ఉన్నాయి.

నీటికి దారి చూపే పద్ధతులు

వీటిలో ముఖ్యమైనది ఊరివైపు గట్టు పాదంలో అమర్చే రాతి పాదం, దాని ముందు తవ్వే చిన్న కాలువ. పెద్ద రాళ్ళు, చిన్న రాళ్ళు, కంకర, ఇసుక వరుసగా పేర్చిన ఈ పాదం ఊటరేఖను తన వైపుకు కిందికి లాగుతుంది. నీరు వాలు మీద చెమర్చకుండా రాళ్ళ మధ్య నుండి కాలువలోకి చేరుతుంది. పైన చెప్పిన ఇసుక గట్టుకు ఊరివైపు 7 మీటర్ల వెడల్పున అదనపు మెట్టు కడితే ఊటరేఖ గట్టులోనే ఇమిడిపోతుంది. అయితే కోనసీమలో గట్టు పాదాన్ని ఆనుకొని ఇళ్ళు, తోటలు ఉండడం వలన అంత స్థలం దొరకడం కష్టం. స్థలం తక్కువైన చోట రాతి పాదానికి ప్రాధాన్యం ఎక్కువ.

ఈ పనిలో ప్రాణమంతా వడపోత పొరలోనే ఉంది. వడపోత లేకుండా కేవలం రాళ్ళు పేరిస్తే నీటితో పాటు మట్టి కూడా కొట్టుకుపోయి గట్టు లోపల బుంగ ఏర్పడుతుంది. వడపోత మరీ సన్నగా ఉంటే నీరు ఆగిపోతుంది. దీనికి టెర్జాగి చెప్పిన కొలత నేటికీ వాడుకలో ఉంది. వడపోత ఇసుకలో నూటికి 15 పాళ్ళు ఏ పరిమాణం కంటే సన్నగా ఉంటాయో ఆ పరిమాణం, గట్టు మట్టిలో నూటికి 85 పాళ్ళు సన్నగా ఉండే పరిమాణానికి నాలుగైదు రెట్లు మించకూడదు. అప్పుడు మట్టి ఆగుతుంది. అదే వడపోత పరిమాణం గట్టు మట్టిలో నూటికి 15 పాళ్ళు సన్నగా ఉండే పరిమాణానికి కనీసం నాలుగైదు రెట్లు ఉండాలి. అప్పుడు నీరు పోతుంది. ఇసుక, కంకర పొరలకు బదులు కృత్రిమ నారతో చేసిన వస్త్రాలను కూడా వాడుతున్నారు.

వాన నీటిని గట్టులోకి దిగనీయకపోవడం మరొక భాగం. గట్టు పైభాగం మధ్యలో కొద్దిగా ఉబ్బెత్తుగా, రెండు వైపులా వాలుగా ఉండాలి. కోనసీమలో అనేక గట్ల మీద రోడ్లు ఉన్నాయి. చక్రాల గాడిలో నిలిచిన నీరు, రోడ్డు అంచున ఒకేచోట కిందికి దూకే నీరు వాలును కోస్తాయి. అటువంటి చోట్ల రాతితో గాని కాంక్రీటుతో గాని దిగుడు కాలువలు కట్టి నీటిని పాదం వరకు దింపాలి. వాలు మీద పచ్చిక దట్టంగా ఉండాలి. రెండు మూడు మీటర్ల లోతుకు వేళ్ళు దింపే వట్టివేరు ఇందుకు బాగా పనికివస్తుంది. కోనసీమలో సమృద్ధిగా దొరికే కొబ్బరి పీచుతో నేసిన వలలను పచ్చిక నాటుకొనే వరకు వాలు మీద పరచవచ్చు. అవి కొన్నేళ్ళలో మట్టిలో కలిసిపోతాయి, అప్పటికి వేళ్ళు ఆ పని అందుకొంటాయి. ఈ పీచు వస్త్రాలను 2020లో దేశవ్యాప్తంగా 1,674 కిలోమీటర్ల గ్రామీణ రోడ్లకు వాడాలని నిర్ణయించారు, అందులో ఆంధ్రప్రదేశ్ వాటా 164 కిలోమీటర్లు. పీచు పుట్టిన సీమలోనే, రోడ్లతో పాటు ఏటిగట్లకు కూడా దానిని విరివిగా వాడుకోవచ్చు.

గట్టు అడుగున లోతులో ఇసుక పొర ఉండి, దాని పైన పలుచని బంకమట్టి కప్పు ఉన్నప్పుడు పాదం వద్ద కాలువ మాత్రమే చాలదు. ఇసుక పొరలోని పీడనం ఆ కప్పును పైకి ఎత్తివేయగలదు. మిసిసిపీ నది గట్ల వెంట ఇటువంటి చోట్ల వడపోతతో కూడిన బావులు తవ్వి పీడనాన్ని తగ్గిస్తారు.

ఇసుక ఊటలు, బస్తాల వలయం

వరద సమయంలో ఊరివైపు చేలో గాని, పెరటిలో గాని నీరు బుడబుడమని పైకి ఉబికి, చుట్టూ ఇసుకను చిన్న పుట్టలా పోయడం కనిపిస్తుంది. నది నీరు గట్టు కింద నుండి దారి చేసుకొని వస్తున్నదనడానికి ఇది గుర్తు. చూసినవారికి తోచే మొదటి ఆలోచన దానిని మట్టితోనో బస్తాలతోనో మూసివేయాలని. ఇది ప్రమాదకరం. ఒకచోట మూస్తే పీడనం తగ్గదు, మరొకచోట, కొన్నిసార్లు గట్టుకు ఇంకా దగ్గరగా, పైకి లేస్తుంది.

సరైన పద్ధతి ఊట చుట్టూ ఇసుక బస్తాలతో బావి ఒరలాగా వలయం కట్టడం. లోపల నీరు కొంత ఎత్తుకు నిలిచి తన బరువుతో ఊట ఉరవడిని తగ్గిస్తుంది. ఇసుక రావడం ఆగి తేట నీరు వచ్చే ఎత్తుకు వలయాన్ని ఆపి, ఆ నీరు పొర్లి పోవడానికి ఒక పక్క దారి వదలాలి. వస్తున్న నీరు తేటగా ఉంటే గట్టు మట్టి కదలడం లేదని అర్థం. బురదగా ఉంటే లోపల బుంగ పెరుగుతున్నదని గ్రహించి వెంటనే అధికారులకు తెలపాలి, దిగువ ఇళ్ళవారిని అప్రమత్తం చేయాలి. గట్టు కాపలా ఉండేవారు రాత్రి వేళ లాంతరుతో గాని టార్చితో గాని ఊట నీటిని గాజు గ్లాసులో పట్టి చూడడం తేలికైన పరీక్ష.

మురుగు కాలువలతో సంబంధం

పాదం వద్ద చేరిన ఊటనీరు ఎక్కడికి పోవాలి? ఊరి మురుగు కాలువకు, అక్కడి నుండి పెద్ద డ్రెయిన్‌కు, చివరకు నదికి లేదా సముద్రానికి. ఈ గొలుసులో ఏ లంకె తెగినా గట్టు పాదం నీటిలో నానుతూనే ఉంటుంది. నదిలో వరద ఉన్నప్పుడు నీరు వెనక్కు ఎగదన్నకుండా డ్రెయిన్ల తలుపులు మూస్తారు. అదే సమయంలో లోపల భారీ వాన కురిస్తే నీరు పోయే దారి ఉండదు. తలుపులు తుప్పుపట్టి సరిగా మూతపడకపోతే నది నీరే లోపలికి వస్తుంది.

డెల్టా మురుగు సమస్య పాతదే. 1968లోనే కృష్ణా, గోదావరి డెల్టా ప్రాంతాలకు మురుగునీటి పారుదల పన్ను చట్టం వచ్చింది. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు, గిట్టుబాటు ధరతో పాటు పూడిపోయిన డ్రెయిన్ల వలన చేలు మునగడం కూడా వారు చెప్పిన కారణాలలో ఒకటి. ప్రభుత్వం మోహన్ కందా అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించింది. సముద్రతీరాన సమస్య మరొక రూపంలో కనిపిస్తుంది. 2025లో మలికిపురం మండలం కేశనపల్లి పరిసరాలలో శంకరగుప్తం డ్రెయిన్ గుండా ఉప్పునీరు ఎగదన్ని కొబ్బరిచెట్లు మోడువారాయని రైతులు మొరపెట్టుకొన్నారు.

గట్టు పాదానికి దగ్గరగా తవ్వే చేపల, రొయ్యల చెరువులు కూడా ఆలోచించవలసిన విషయం. చెరువు తవ్వితే ఇసుక పొర పైనున్న బంకమట్టి కప్పు పలుచబడుతుంది, నీరు నడవవలసిన దూరం తగ్గుతుంది. ఇంటి మెరకకో ఇటుకల బట్టీకో పాదం వద్ద మట్టి తీయడమూ ఇటువంటిదే. ఏటిగట్టుకు మట్టి తీయవలసి వస్తే ఏటివైపున, గట్టుకు తగినంత దూరంలో తీయాలన్నది పాత నియమం.

కొండవాలులలో

తెలుగు ప్రాంతాలలో కొండచరియలు విరిగిపడే చోట్ల ఇదే సూత్రం వేరే రూపంలో అమలవుతుంది. 2020 అక్టోబరు 21న విజయవాడ ఇంద్రకీలాద్రిపైన, 2021 డిసెంబరు 1న తిరుమల కనుమ దారిలో కొండచరియలు విరిగిపడ్డాయి. రెండూ వానల కాలంలో జరిగినవే. ఇటువంటి చోట్ల వాలు పైఅంచున అడ్డు కాలువ తవ్వి పైనుండి వచ్చే నీటిని పక్కకు మళ్ళిస్తారు, పగుళ్ళు పూడుస్తారు, రాతి వాలులోకి కొద్దిగా పైవంపుతో రంధ్రాలు తొలిచి చిల్లుల గొట్టాలు అమరుస్తారు. ఇటువంటి అడ్డ గొట్టాలను అమెరికాలోని కాలిఫోర్నియా రహదారుల శాఖ 1939 నుండి వాడుతున్నది. కొండచరియల నివారణకు భారతీయ ప్రమాణం ఐఎస్ 14680.

నిర్వహణ

ఊటనీటి కాలువ, వడపోత, ఊట రంధ్రాలు ఒకసారి కట్టి వదిలేస్తే కొన్నేళ్ళకు పూడిపోతాయి. పూడిన రాతి పాదం లేనిదానితో సమానం, ఒక్కోసారి అంతకంటే ప్రమాదం, ఎందుకంటే అది ఉన్నదనే ధైర్యం మిగిలి ఉంటుంది. గట్టు పాదం మీద గడ్డిమేట్లు, కొబ్బరి డొక్కల గుట్టలు, పశువుల పాకలు ఉంటే ఊట ఎక్కడ మొదలైందో కనిపించదు. జూన్ నెలకు ముందే నెర్రెలను తవ్వి తడిమట్టితో దిమ్మిస చేయడం, బొరియలను చివరి వరకు తవ్వి పూడ్చడం, కాలువలో పూడిక తీయడం, తలుపులు దించి ఎత్తి చూడడం చేయవలసిన పనులు. వరద తీసిన తరువాత మరల ఒకసారి గట్టు పొడవునా నడిచి, ఏటివైపు అంచుకు సమాంతరంగా పగుళ్ళు ఉన్నవేమో చూడాలి. పగులు కనిపించిన చోట వాన నీరు దిగకుండా దానిని వెంటనే పూడ్చి, రెండు వైపులా గుర్తు కర్రలు పాతి, వాటి మధ్య దూరాన్ని కొన్నాళ్ళపాటు రోజూ కొలుస్తారు. ఆ దూరం పెరుగుతున్నంత కాలం ఆ భాగంపై బరువు వాహనాలను నడపరాదు.